ఒకే వస్తువు – వేర్వేరు వెలలు

ఒకే ప్రాత గడియారము ఇంటర్నెట్టునందలి యొక అంగడిలో హెచ్చు వెలకును, వేఱొక అంగడిలో తక్కువ వెలకును అమ్ముడుపోవుట కలదు. వస్తువు మాఱలేదు; వెల యేల మాఱవలెను?

మొదటి కారణము కొనువారి సంఖ్య. 1995వ సంవత్సరమున అమెరికాలో పియరీ ఒమిడ్యార్ అనునతడు ఒక వేలముపాటల అంగడిని నెలకొల్పెను. అదియే పిమ్మట ఈబే యని ప్రసిద్ధి కెక్కెను. అందు మొట్టమొదట చెడిపోయిన లేజరు దీపమొకటి 14.83 డాలర్లకు పోయినది! పొరుగువా డొల్లని వస్తువును కోరువాడు దూరమున నుండవచ్చును. ఆ యేటనే శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ ప్రారంభించిన క్రెయిగ్స్‌లిస్టు క్రమముగా ఊరిసంత వంటి దయ్యెను. ఊరిసంతలో వస్తువును చేతితో చూచి కొనవచ్చును, రవాణా ఖర్చు లేదు. కాని కొనువారు కొలదిమందియే.

రెండవది నమ్మకము. ఎద్దును కొనువాడు పండ్లు చూచి, నడిపించి బేరమాడును. బొమ్మను మాత్రమే చూచి కొనువా డేమి చేయగలడు? లోపము అమ్మువానికే తెలియును గనుక కొనువాడు శంకించి వెల తగ్గించును. అందుచే మంచి సరకు గలవాడు సంతను విడుచును. 1970లో జార్జి ఏకర్లాఫ్ అను అర్థశాస్త్రజ్ఞుడు వాడిన మోటారుకార్ల దృష్టాంతముతో దీనిని నిరూపించెను. 2001లో నోబెల్ బహుమానము నందినవారిలో నొకడయ్యెను.

ఈబేలో కొనినవారు అమ్మినవానిని గూర్చి తమ యభిప్రాయమును వ్రాయుదురు. 2006లో ప్రకటితమైన యొక పరీక్షలో, పేరుగల వర్తకుడొకడు ప్రాత పోస్టుకార్డులను తన పేరను, క్రొత్త పేర్లను కూడ అమ్మి చూచెను. తన పేర నమ్మినపుడు నూటికి సుమారు 8 వంతులు హెచ్చుగా లభించెను.

కావున అమ్మబోవువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ యంగడికి ఎందఱు వత్తురు? వారు నన్నేల నమ్ముదురు? మంచిపేరునకు పూర్వము సంతలో వెల యుండెను, నేడును ఉన్నది.