యుద్ధం జరగని నాలుగు రోజులు

హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో సరిహద్దు యుద్ధానికి ఒక ఖాయమైన రూపం ఉంది: గుండ్రంగా నిలిపిన బళ్లు, చుట్టూ గుర్రాల మీద రెడ్ ఇండియన్లు, ఆఖరి తూటా దాకా కాల్పులు. ఆ తుపాకీ ఆ ఏటిదేనా, ఆ టోపీ సరైనదేనా అని అభిమానులు తగువులాడుకుంటారు గానీ అసలు లోపం అక్కడ లేదు. 1840–60 మధ్య పడమటికి సాగిన వలస బళ్ల దారుల్లో చావులను చరిత్రకారుడు జాన్ అన్‌రూ లెక్కగట్టాడు. స్థానిక తెగల చేతిలో చనిపోయిన వలసదారులు 362 మంది. వలసదారుల చేతిలో చనిపోయిన తెగలవాళ్లు 426 మంది. రోగాలు మింగినవాళ్లు ఇంతకు ఎన్నో రెట్లు. అంటే సినిమా అబద్ధమాడేది ఆయుధాల దగ్గర కాదు, అసలు యుద్ధం ఎంత అరుదో దాచిపెట్టడంలో. ఇది అమెరికా ఒక్కదాని సంగతి కాదని ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్ చరిత్ర చెబుతుంది.

డబ్లిన్‌కు పడమట లిఫీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇవాళ ఇంటెల్ చిప్పుల ఫ్యాక్టరీతో ప్రసిద్ధం. మధ్యయుగాల్లో మాత్రం ఇంగ్లిష్ ఏలుబడిలోని నేలకు పడమటి అంచుకు దగ్గర్లో ఉండేది. 1317 ఫిబ్రవరిలో స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్, తమ్ముడు ఎడ్వర్డ్‌తో కలిసి డబ్లిన్ పొలిమేరకు వచ్చాడు. బానక్‌బర్న్ యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యాన్ని చిత్తుచేసి అప్పటికి మూడేళ్లయినా కాలేదు. సినిమాకైతే ఇంతకన్నా ఏం కావాలి? కానీ డబ్లిన్ వాసులు శత్రువుకు నీడ దొరకకూడదని గోడల బయటి తమ పేటలకు తామే నిప్పుపెట్టారు. అది అనుకున్నదానికన్నా ఎక్కువే తగలబెట్టింది. గోడల బలానికి ఒక మఠం రాళ్లు పీకారు. రాబర్ట్‌కు పిల్లనిచ్చిన మామ, అల్‌స్టర్ ప్రభువు రిచర్డ్ డి బర్గ్ ఊళ్లోనే ఉంటే, అనుమానంతో మేయరే పట్టి బంధించాడు. ముట్టడి సరంజామా లేని బ్రూస్ సోదరులు వెనుదిరిగి లీక్స్‌లిప్‌లో నాలుగు రోజులు మకాం వేసి, ఊళ్లో కొంత తగలబెట్టి దక్షిణానికి సాగిపోయారు. డబ్లిన్ గోడల దగ్గర యుద్ధమే జరగలేదు.

అయితే నిజమైన యుద్ధాలు జరగలేదా అని అడగవచ్చు. జరిగాయి. 917లో వైకింగులు లెన్‌స్టర్ రాజు ఔగైరెను చంపిన పోరు లీక్స్‌లిప్‌ను ఆనుకున్న కాన్ఫీలోనే జరిగిందని చాలాకాలంగా చెబుతారు (స్థలం మీద భిన్నాభిప్రాయాలున్నాయి). మన బొబ్బిలి కోట కూడా 1757లో ఒక్కరోజులోనే నేలమట్టమైంది. కానీ అలాంటి రోజులు చరిత్రలో నిలిచిపోవడానికి కారణమే వాటి అరుదుతనం. మామూలు రోజుల్లో సరిహద్దు ఎలా ఉండేదో తెలియాలంటే చట్టాలు చూడాలి. 15వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ ప్రభుత్వం, లీక్స్‌లిప్ ఉన్న కిల్డేర్‌తో సహా నాలుగు కౌంటీల్లో 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తున బురుజు కట్టుకున్నవాడికి 10 పౌండ్లు ఇస్తానంది. ఆ శతాబ్దం చివర్లో పార్లమెంటు సరిహద్దు పొడవునా జంట కందకాలు తవ్వమంది. కందకం సైన్యాన్ని ఆపదు. తోలుకుపోయే పశువులను ఆపుతుంది. వాళ్ల భయమల్లా పశువుల దోపిడీ గురించే.

సినిమా పాఠ్యపుస్తకం కాదు, ఉత్కంఠ కావాలి అనేది మరో వాదన. ఒప్పుకుందాం. ‘బ్రేవ్‌హార్ట్’ (1995) సినిమా స్టిర్లింగ్ యుద్ధాన్ని ఈ కిల్డేర్ కౌంటీలోనే, ఐరిష్ రిజర్వు సిపాయిలతో చిత్రీకరించి, ఆ యుద్ధంలో స్కాట్లను గెలిపించిన వంతెననే ఎగరగొట్టేసింది! ఉత్కంఠకు వంతెన అడ్డమా? సొంత ఇళ్లు తగలబెట్టుకునే పౌరులు, మామను బంధించిన ఊరి ముందు నిలబడ్డ అల్లుడు, వీటిలో నాటకం తక్కువా? పైగా ఆ చిత్రంలో ఐరిష్ సైనికులు నవ్వుతూ స్కాట్ల పక్షాన చేరతారు. నిజానికి 1315–17 కరువులో ఐర్లండ్‌లో స్కాట్ల సైన్యం తిండి కోసం ఊడ్చేసిన పల్లెల్లో ఐరిష్‌వాళ్లవీ ఉన్నాయి. 1318 అక్టోబరులో ఫాహర్ట్ దగ్గర ఎడ్వర్డ్ బ్రూస్ చనిపోయినప్పుడు, ఐర్లండ్ జనానికి ఇంతకు మించిన మేలు జరగలేదని రాసుకున్నది ఐరిష్ చరిత్రలేఖకులే.