వెబ్‌పుట చిత్తు – దానికి తగిన పనిముట్టు

పట్టణములలో మీ మనుమలు చేయు నుద్యోగములలో వెబ్‌పుటల రూపరచన యొకటి. ఏ యక్షరము లెచ్చట నుండవలెనో, ఏ బొమ్మకెంత చోటీయవలెనో ముందు చిత్తు గీచికొని, పిమ్మట పుటను నిర్మింతురు. ఆ చిత్తు గీయుటకు ఏ సాఫ్ట్‌వేర్ తగునను తర్కము ముప్పదియేండ్లకు పైబడినది.

1991లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమునుండి వెబ్‌ను లోకమునకు వెల్లడించినపుడు పుటలందు అక్షరములే గాని యలంకారము లేదు. అలంకారము కోరినవారు చేతికందిన ఫోటోషాప్‌ను పట్టిరి. 1990లో వెలువడిన యా సాఫ్ట్‌వేర్ ఛాయాచిత్రములను దిద్దుటకై పుట్టినది. దానితో పుటనంతయు నొక్క బొమ్మగా వ్రాసి, ఆ బొమ్మను ముక్కలుగా కోసి, పట్టిక గడులలో నతికెడివారు. గోడకు వ్రాయు కుంచెతో జాబు వ్రాసినట్లే!

తాళపత్రము వ్రాయువానికి ఆకు వెడల్పు తెలియును; దానినిబట్టియే పంక్తి నడచును. వెబ్‌పుటకు అట్టి కొలత లేదు. చూచువాని తెర యెంతయో అంతయే దాని యాకు. 2007లో ఐఫోన్ వచ్చి ఆ తెరను అరచేతిలో నిమిడ్చెను. 2010లో ఈథన్ మార్కాట్ అను నమెరికా రూపకర్త, తెరకు తగినట్లు పుట సర్దుకొను పద్ధతికి ‘రెస్పాన్సివ్’ అను పేరిడి వ్యాసము ప్రకటించెను. నాటినుండి కదలని బొమ్మ చాలదాయెను.

తెరకొరకే పుట్టిన ఫైర్‌వర్క్స్ అంతకుముందే, 1998లో, మాక్రోమీడియా సంస్థనుండి వెలువడినది. ఆ సంస్థను 2005లో అడోబీ కొనెను. 2013లో ఫైర్‌వర్క్స్‌ను ఇక వృద్ధిచేయబోమని చాటెను. దానియందు ఏండ్లతరబడి చిత్తులు దాచికొన్నవారు వానిని మరియొక చోటికి మోసికొనవలసి వచ్చెను. పనిముట్టును ఎన్నుకొనునపుడు నేర్చుట సులభమా యని యందరును అడుగుదురు; గీచినదానిని వెలికి తీసికొనవచ్చునా యని యడుగువారు అరుదు.

2010లో వచ్చిన స్కెచ్ మాక్ కంప్యూటరున్నవారికే దక్కెను. 2016లో ప్రజలకందిన ఫిగ్మా బ్రౌజరులోనే తెరచుకొనును; ఒక్క చిత్తును పలువురు ఒకేసారి దిద్దవచ్చును. దీనిని 2,000 కోట్ల డాలర్లకు కొనెదనని 2022లో అడోబీ ప్రకటించి, మరుసటి యేడు విరమించుకొనెను.

తెలుగువారికి వేరొక పరీక్ష కలదు. 1991లోనే యూనికోడ్‌లో మన లిపికి చోటు దొరికినను, పెక్కు చిత్రలేఖన సాఫ్ట్‌వేర్లు చిరకాలము ఒత్తులను కూర్పనేరకపోయెను. ‘స్త్రీ’ యను నొక్క యక్షరము మూడు తునకలై పడెడిది. నన్నడిగినచో, క్రొత్త పనిముట్టు చేతికి రాగానే ఆ యక్షరమునే వ్రాసి చూడుమందును. పిదప రెండు పంక్తులు వ్రాసి, పైపంక్తి ఒత్తు క్రిందిపంక్తి గుడికి తగులుచున్నదేమో చూడవలెను. తగిలినచో పంక్తుల నడుమ నెడము పెంచవలెను.