ఒక తల్లి అడిగిన ప్రశ్న

హార్మోన్ల పనిని చెడగొట్టే రసాయనాలనగానే నాకు మొదట స్ఫురించేది ఒక మందుబిళ్ళ. పూర్తి పేరు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్. నోరు తిరగదు కనుక డీఈఎస్ అందాం.

1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇది. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన కనుక పేటెంటు తీసుకోలేదు. ఆ ఔదార్యమే కొంప ముంచింది: ఎవరైనా చౌకగా తయారుచేసి అమ్ముకోగలిగారు. గర్భస్రావాన్ని ఆపుతుందన్న నమ్మకంతో అమెరికాలో 1940లలో గర్భిణులకు ఇవ్వసాగారు. 1953లో షికాగో వైద్యులు సుమారు 1,600 మంది గర్భిణులపై పరీక్షించి, ఉత్తుత్తి బిళ్ళకంటే ఇది మెరుగేమీ కాదని తేల్చారు. అయినా మరో 18 ఏళ్ళు రాస్తూనే వచ్చారు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేవి ఆ 18 ఏళ్ళే.

తరువాత బోస్టన్‌లో 15-22 ఏళ్ళ అమ్మాయిలకు, ఆ వయసులో దాదాపు ఎరుగని యోని క్యాన్సరు కనిపించింది. వైద్యులకు అంతుపట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు తాను వాడిన బిళ్ళ వల్లనేమోనని అడిగింది ఒక రోగి తల్లి! 1971లో హెర్బ్‌స్ట్ బృందం 8 మంది రోగుల వివరాలు ప్రచురించింది; వారిలో ఏడుగురి తల్లులు డీఈఎస్ వాడినవారే. ఆ నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకు దీనిని ఇవ్వరాదని హెచ్చరించింది.

మింగింది తల్లి, జబ్బు పడింది ఎదిగిన కూతురు. జంతువులలోనూ ఇదే వరుస ఉందని గ్రేట్ లేక్స్ పక్షులను పరిశీలించిన థియో కోల్‌బోర్న్ గమనించింది: పెద్ద పక్షులు ఆరోగ్యంగానే ఉన్నాయి, పిల్లలు బతకడం లేదు. 1991లో ఆమె విస్కాన్సిన్‌లో ఏర్పరచిన సమావేశంలో వన్యప్రాణులను చూసినవారూ, డీఈఎస్‌ను ఎలుకలపై పరిశోధించినవారూ ఒకచోట కూర్చున్నారు. 1994లో ఫ్లోరిడాలోని అపాప్కా సరస్సు మొసళ్ళ గురించి లూయీ గిలెట్ బృందం రాసింది. 1980లో పురుగుమందులు ఒలికిన సరస్సది. అక్కడి మగపిల్లల రక్తంలో టెస్టోస్టిరాన్ ఉండవలసినదానికంటే బాగా తక్కువ.