అమ్మకూడని చేప: టెక్సస్ తీరంలో రెడ్‌ఫిష్ కథ

టెక్సస్ తీరాన, కార్పస్ క్రిస్టీ నగరానికి ఈశాన్యంగా రెడ్‌ఫిష్ బే అనే అఖాతం ఉంది. చాలాచోట్ల మనిషి నీటిలో దిగి నడిచిపోగలిగినంత లోతే ఉంటుంది. అడుగంతా సముద్రపు గడ్డి. తెల్లవారుజామున గైడ్ ఇంజన్ ఆపి, పడవ వెనుక ఎత్తైన పలక మీద నిలబడి గెడకర్రతో పడవను నెడతాడు. గడ్డిలో పీతల కోసం తల దించిన చేప తోక నీటిపైకి తేలుతుంది. ఆ తోక మీది నల్లమచ్చను చూపించడమే అతని విద్య. గాలం వేసేది డబ్బు చెల్లించి వచ్చిన అతిథి. దొరికిన చేప 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటే ఉంచుకోవచ్చు. లేకుంటే సాధారణంగా తిరిగి నీటిలో వదలాలి.

హ్యూస్టన్, ఆస్టిన్‌లనుండి వారాంతాల్లో ఇటు వెళ్ళే తెలుగువారికి ఈ దృశ్యం కొత్తది కాకపోవచ్చు. కానీ అలా పట్టిన చేపను అమ్మడం టెక్సస్‌లో నేరం. గైడ్ చేపను అమ్మడు, చేపను పట్టే అవకాశాన్ని అమ్ముతాడు. ఈ తేడా వెనుక ఒక రాజకీయ చరిత్ర ఉంది.

కోస్తా ఆంధ్రలో లక్షల ధర పలికి వార్తలకెక్కే కచిడి, ఈ రెడ్‌ఫిష్ ఒకే కుటుంబానికి చెందిన చేపలు. గాలితిత్తిని కంపింపజేసి డోలు మోత వంటి శబ్దం చేయడం ఈ కుటుంబ లక్షణం. అందుకే రెడ్‌ఫిష్‌కు రెడ్ డ్రమ్ అనే పేరు కూడా ఉంది. పిల్లలు మొదటి మూడు నాలుగేళ్ళు లోతులేని అఖాతాలలో పెరిగి, తరువాత గల్ఫ్‌లోని పెద్దచేపల గుంపులలో కలుస్తాయి. నలభై ఏళ్ళకు పైగా బతకగలవు. 28 అంగుళాల హద్దు ఈ పెద్ద చేపలను, అంటే గుడ్లు పెట్టే తరాన్ని, కాపాడటానికే.

ఈ తీరంలో గైడ్ వృత్తి మొదట నిలిచింది టార్పన్ అనే మరో చేప మీద. 1937లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పోర్ట్ అరాన్సస్‌కు వచ్చి టార్పన్ పట్టారు. ఆయన సంతకం చేసిన పొలుసు అక్కడి టార్పన్ ఇన్‌లో ఇప్పటికీ ఉంది. తరువాతి దశాబ్దాలలో టార్పన్ దాదాపు కనుమరుగైంది. గాలాలు అఖాతాలలోని రెడ్‌ఫిష్ వైపు మళ్ళాయి. అప్పటికే అదే నీటిలో సన్నని నైలాన్ వలలతో బతికే జాలరి కుటుంబాలున్నాయి. 1970ల నాటికి చేప తగ్గిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు.

1977లో హ్యూస్టన్‌లో కొందరు గాలం వేటగాళ్ళు గల్ఫ్ కోస్ట్ కన్సర్వేషన్ అసోసియేషన్‌ను స్థాపించారు. వారి ఒత్తిడి ఫలితంగా 1981లో టెక్సస్ శాసనసభ రాష్ట్ర జలాలలో పట్టిన రెడ్‌ఫిష్, మచ్చల ట్రౌట్ చేపల అమ్మకాన్ని నిషేధించింది. వలకు అడ్డుపడటం కంటే మార్కెట్టును మూసేయడం తేలికని వారు గ్రహించారు. కొనేవాడు లేనప్పుడు వల వేసి ప్రయోజనమేమిటి?

అయితే ఆ చట్టం రాష్ట్ర జలాలకే పరిమితం. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే న్యూ ఆర్లియన్స్‌లో పాల్ ప్రూడోమ్ అనే వంటగాడు, రెడ్‌ఫిష్ ముక్కలను వెన్నలోను మసాలాలోను ముంచి, నిప్పులాంటి పెనం మీద నల్లగా మాడ్చే వంటకాన్ని దేశమంతా ప్రసిద్ధం చేశాడు. గిరాకీ గల్ఫ్‌లోని పెద్దచేపల మీద పడింది. విమానాలతో గుంపులను వెతికి, చుట్టుముట్టి, అడుగున బిగించే వలలతో ఒక్కసారే తోడసాగారు. నలభై ఏళ్ళ వయసున్న చేపలు ఒక పూట భోజనమయ్యాయి. 1986లో కేంద్ర ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వులతో జోక్యం చేసుకుంది. ఆ తరువాత గల్ఫ్‌లోని కేంద్ర జలాలలో రెడ్‌ఫిష్ వేటే ఆగిపోయింది. 2007 అక్టోబరు 20న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ కేంద్ర జలాలలో పట్టిన ఈ చేప అమ్మకాన్ని ఆపమంటూ ఉత్తర్వు జారీ చేశారు.

నిషేధమొక్కటే చేపను తిరిగి తేలేదు. 1970లలో పోర్ట్ అరాన్సస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తొట్లలో వెలుగు వేళలను, నీటి వేడిని మార్చి రెడ్‌ఫిష్ చేత గుడ్లు పెట్టించారు. ఆ పద్ధతి మీద కార్పస్ క్రిస్టీలో ఏర్పడిన ఉత్పత్తికేంద్రం 1980లనుండి కోట్ల పిల్లలను అఖాతాలలోకి వదిలింది. 1983, 1989 చలిగడ్డల్లో తీరమంతా చేపలు చచ్చి తేలినా, జాతి కోలుకున్నది.

ఈ విజయానికి మూల్యం చెల్లించినది వలవాడు. చేప ప్రజలందరి సొత్తని చట్టం అంటుంది. గాలం పట్టనివాడు, బజారులో కొనుక్కుని తినేవాడు కూడా ప్రజలలోనివారే కదా అని జాలర్లు అడిగారు. అది తేలికగా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. గైడ్ వెంట ఒక రోజు గడపడానికి వందల డాలర్లు కావాలి. ఈనాడు హోటల్లో దొరికే రెడ్‌ఫిష్ చాలావరకు చెరువుల్లో పెంచినదే. పైగా వేటగాళ్ళ పడవలు కూడా నిరపరాధులేమీ కావు. వాటి ప్రొపెల్లర్లు సముద్రపు గడ్డిని వేళ్ళతో సహా చీల్చి, మానడానికి ఏళ్ళు పట్టే చాళ్ళు మిగిల్చాయి. 2006లో రెడ్‌ఫిష్ బేలోనే మొదట దాన్ని నేరంగా ప్రకటించవలసివచ్చింది.

చేప మిగిలింది, అది వాస్తవం. దాన్ని ఎవరి కోసం మిగిల్చామన్నది శాసనసభలో ఓట్లతో తేలిన విషయం. అది కూడా వాస్తవమే. గెడకర్ర పట్టిన గైడ్ నిశ్శబ్దంగా తోక చూపించినప్పుడు, ఆ రెండూ ఒకే నీటిలో ఉన్నాయని గుర్తుంచుకోవడం మంచిది.