సంతకము లేని హెచ్చరికలు

1955వ సంవత్సరమున సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందము ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము నెలకొల్పబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. శ్రీకాకుళము మొదలగు తెలుగు ప్రాంతముల నుండి అనేక కుటుంబములు వచ్చి యిచ్చటి సెక్టార్లలో స్థిరపడినవి. ఊరి సమాచారము తెలియుటకు నాడు తపాలా కార్డే ముఖ్యాధారము. తెలుగువారి యిండ్లకు ఆ కాలమున మఱియొక రకపు కార్డు కూడ వచ్చుచుండెడిది. పంపినవారి పేరుండదు. వేంకటేశ్వరుని మహిమ నాలుగు వాక్యములలో నుండును. ఇట్టివే మరికొన్ని వ్రాసి పంపినవారికి ధనలాభము, ఉపేక్షించినవారికి కీడు. కార్డు ఖరీదు స్వల్పము, కీడు భయము పెద్దది. ఆ రచనకు బలమంతయు ఈ లెక్కలోనే యున్నది.

ఈ పద్ధతి పాతది. 1857 ఆరంభమున ఉత్తర హిందూస్థానమున చౌకీదార్లు ఊరినుండి ఊరికి రాత్రివేళ చపాతీలు చేరవేసిరి. అందుకొన్నవాడు మరికొన్ని చేయించి పొరుగూరికి పంపవలెను. అందులో వ్రాత లేదు, ఎవరు పంపిరో తెలియదు. మథుర మేజిస్ట్రేటు మార్క్ థార్న్‌హిల్ విచారించినను అర్థము తేలలేదు. ఎందుకో తెలియకయే జనులు పంపుచుండిరి. అర్థము లేకున్నను ఆజ్ఞ నడచుననుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? 1935లో అమెరికాయందలి డెన్వరు నగరమున ఒక్కొక్క డైము పంపుమను గొలుసు లేఖలు పుట్టి, అచ్చటి తపాలా కార్యాలయమును ముంచెత్తినవి.

కార్డు స్థానమును ఈమెయిలు ఆక్రమించినప్పుడు దేవుని స్థానమును హ్యాకరు ఆక్రమించెను. 1994 చివర అమెరికాలో ఒక హెచ్చరిక వ్యాపించినది. "గుడ్ టైమ్స్" అను శీర్షికతో ఉత్తరము వచ్చినచో చదువరాదనియు, చదివినంతనే కంప్యూటరులోని సమస్తము చెరిగిపోవుననియు, ఈ సంగతి మిత్రులందరికిని తెలుపుమనియు దాని సారాంశము. తరువాతి ప్రతులలో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను పేరు చేర్చబడెను. వైరసుల గూర్చి ప్రజలను హెచ్చరించుట ఆ సంస్థ పనియే కాదు. ఉత్తరమును కేవలము చదువుటవలన నాటి యంత్రములకు అట్టి హాని కలుగదని నిపుణులు డిసెంబరులోనే ప్రకటించిరి. అయినను హెచ్చరిక సంవత్సరముల తరబడి తిరిగినది. వైరసు లేదు, వైరసువలె వ్యాపించినది హెచ్చరికయే.

ఇందొక విచిత్రము గలదు. 1999 నవంబరులో "బబుల్‌బాయ్" అను పురుగు కనబడినది. ఔట్‌లుక్ ప్రోగ్రాములో ఉత్తరము తెరచినంతనే అది పనిచేయగలిగెను. ఐదేండ్ల క్రిందటి అబద్ధము కొంతమేరకు నిజమైనది. 2000 మే 4వ తేదీన ఫిలిప్పీన్స్ నుండి బయలుదేరిన "ఐ లవ్ యూ" పురుగు పరిచితుల పేర వచ్చినందుననే లోకమును చుట్టివచ్చినది. అనగా ప్రమాదము కల్పితము కాదు. అబద్ధపు కేకలు విని విని విసిగిన చెవికి నిజమైన కేక వినబడకపోవుట ఇందలి అసలు నష్టము.

2001లో మోసము ఇంకొక మెట్టెక్కినది. ఒకానొక ఫైలు మీ యంత్రములో నున్నదేమో వెదకుడు, ఉన్నచో అది వైరసు, తుడిచివేయుడు అని సందేశము వచ్చెను. వెదకిన ప్రతివానికిని అది దొరికినది. దొరకక యేమగును? అది విండోస్ 98తో వచ్చు సక్రమమైన ఫైలు. ఫైళ్ల పొడుగు పేర్లను పునరుద్ధరించుట దాని పని. మరుసటి యేడు ఎలుగుబంటి పిల్ల బొమ్మ గల ఫైలునకును ఇదే గతి పట్టినది. ఇందు శత్రువెవ్వడును లోనికి రానక్కరలేదు. యజమాని చేతనే పని జరుగును.

నంబరు, తేదీ, సంతకము లేని సర్క్యులరును ఏ సెక్షనులోను గుమాస్తా స్వీకరింపడు. ఆ గుమాస్తాయే యింటికి పోయి, ఈ మూడును లేని సందేశమును ఇరువదిమందికి పంపును! 2017 జూలైలో ఫేస్‌బుక్కున వ్యాపించిన సందేశము నే తీసికొన్నను అంతే. జేడెన్ కె. స్మిత్ అనువాని స్నేహాభ్యర్థనను అంగీకరింపవలదు, అతడు హ్యాకరు, అంగీకరించినచో ఖాతా పోవును, అందరికిని తెలుపుడు. ఎవరు కనుగొనిరి? ఎన్నడు? ఎచ్చట విచారింపవలెను? ఏ ప్రశ్నకును అందు జవాబు లేదు. "అందరికిని పంపుడు" అను మాట మాత్రము తప్పక యుండును. తీసివేసినచో సందేశము అచ్చటనే ఆగిపోవును గదా. స్నేహాభ్యర్థనను అంగీకరించినంతమాత్రమున ఖాతా పరుల వశము కాదు. సంకేతపదమునో, ఓటీపీనో చేజార్చుకొన్నప్పుడే ఆ ముప్పు.

ఈ మాటలకు ప్రాణములు బలియైన సందర్భము తెలుగునాటనే కలదు. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ సందేశములు వ్యాపింపగా, తెలంగాణములో జనసమూహములు నిర్దోషులను కొట్టి చంపినవి. ఆ సంవత్సరము జూలైలో వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒకేమారు ఐదు చోట్లకు మించి పంపరాదని పరిమితి విధించినది. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి అంతకుముందే పోలీసులకు గ్రామములను అప్పగించి, జానపద గాయకులను వెంట పంపిరి. చేతిలోని ఫోను చెప్పిన మాట నిజము కాదని ఆ డప్పుల దళము ఊరూరను పాడి చెప్పినది.