గ్లాసు పక్కన పళ్లెం

మందు పక్కన నంజుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్నది మన దగ్గర నాలుక అడిగే కోరిక. పర్మిట్ రూములోకి పల్లీలు, ఉడికించిన గుడ్లు వచ్చింది తాగేవాళ్లు అడిగారనే తప్ప ఏ చట్టమో చెప్పిందని కాదు. అమెరికాలో మాత్రం గ్లాసు పక్కన పళ్లేన్ని వంటవాడికన్నా ముందు శాసనకర్త పెట్టించిన సందర్భాలు చాలా ఉన్నాయి. తాగుడును పాపమనుకునేవాళ్లూ తాగకుండా ఉండలేనివాళ్లూ ఒకే ఊళ్లో కాపురం చేయాల్సి వచ్చినప్పుడు, ఇద్దరికీ మధ్య రాజీ కుదర్చడానికి తిండి ఒక సాకుగా పనికొచ్చింది. ఆ సాకుకు మొదటి హక్కుదారు బాటసారి. 1656లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వం ప్రతి ఊళ్లో ఒక సత్రం ఉండి తీరాలనీ, లేకపోతే ఊరికే జరిమానా వేస్తామనీ శాసించింది. కొత్తగా వచ్చినవాడికి తిండీ పడకా, అతని గుర్రానికి మేతా దొరకాలన్నది దాని ఉద్దేశం. బీరు ఆ తిండి వెంట వచ్చే హక్కు మాత్రమే. ఊరివాళ్లు అక్కడే చతికిలబడి తాగుతూ కూర్చుంటే వాళ్లమీదా జరిమానా పడేది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వరస తిరగబడింది. 1830ల న్యూ ఆర్లీన్స్ హోటళ్లలో మధ్యాహ్నం మందు కొన్నవాళ్లకు భోజనం ఉచితంగా పెట్టడం మొదలైంది. అంతర్యుద్ధం తర్వాత అది షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల దాకా పాకింది. అయిదు సెంట్లు పెట్టి ఒక గ్లాసు బీరు కొంటే రై బ్రెడ్డు, హామ్, సాసేజి, చీజు, ఊరబెట్టిన దోసకాయ, ప్రెట్జెల్ తిన్నంత తినవచ్చు. ఇందులో చట్టం లేదు, ఉన్నదల్లా ఉప్పూ వ్యాపారమూ అని ఎవరైనా అనవచ్చు. నిజమే, బల్లమీదున్నవన్నీ దాహం పెంచేవే. కానీ ఒక్క గ్లాసు లాభంతో అంత తిండి పెట్టడం ఏ చిన్న సెలూన్ యజమానికీ గిట్టుబాటు కాదు. చాలా సెలూన్ల వెనక వాటికి పెట్టుబడి పెట్టి, తమ బీరే అమ్మించుకునే బ్రూవరీలు ఉండేవి. ఖర్చులో కొంత అవి మోసేవి, మిగతాది రెండో గ్లాసూ మూడో గ్లాసూ తీర్చేవి. అలాగని దీన్ని వట్టి ఎర అని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. 1900లో షికాగో సెలూన్లను పరిశీలించి రాసిన రాయల్ మెలెండీ, ఆ నగరంలోని ధర్మసంస్థలన్నీ కలిసి పెట్టే అన్నం కన్నా సెలూన్లు పెట్టేదే ఎక్కువని అభిప్రాయపడ్డాడు. ఆకలికీ వ్యసనానికీ ఒకే తలుపు ఉండటమే మద్యనిషేధవాదులకు కంటగింపు అయింది.

ఉప్పు వాదానికి అసలు జవాబు న్యూయార్క్‌లో దొరుకుతుంది. 1896లో సెనేటర్ జాన్ రెయిన్స్ పేరుతో వచ్చిన చట్టం ఆదివారం మద్యం అమ్మకాన్ని హోటళ్లకే పరిమితం చేసింది. హోటల్ అంటే కనీసం పది పడకగదులుండాలి, మందు భోజనంతో పాటే ఇవ్వాలి. వారానికి ఒక్క రోజే సెలవు దొరికే కూలీలకు ఆ ఒక్క రోజే సెలూన్ మూసేయడమన్నమాట. యజమానులు మేడమీద చెక్కలతో పది గదులు అడ్డం కట్టి రాత్రికి రాత్రి హోటలువాళ్లయిపోయారు. ఆ గదులు అద్దెకు ఎవరికి పోయాయో చెప్పనక్కర్లేదు; వాటిల్లో సాగిన వ్యభిచారాన్ని అరికట్టడానికే 1905లో పద్నాలుగుమంది కమిటీ ఒకటి పుట్టింది. ఇక భోజనం మాట. ఒకే శాండ్‌విచ్ ఒక బల్లమీది నుంచి ఇంకో బల్లమీదికి రోజంతా ప్రయాణం చేసేది. దాన్ని ఎవరూ కొరికేవారు కాదు, కొరకగలిగే స్థితిలో అది ఉండేదీ కాదు. రెండు రొట్టె ముక్కల మధ్య ఇటుక పెట్టిన చోటు గురించి పాత్రికేయుడు జేకబ్ రీస్ రాశాడు. యూజీన్ ఓనీల్ నాటకం ‘ది ఐస్‌మన్ కమెత్’ జరిగేది ఇలాంటి హోటల్లోనే. ఎవరూ తినని తిండి ఎవరికీ దాహం పెంచదు. రుచితో, ఉప్పుతో, లాభంతో ఏమాత్రం సంబంధం లేకుండా, కేవలం చట్టం కోసం ఒక పదార్థం బార్ బల్లమీద కొన్నేళ్లపాటు నిలబడిందంటే, మిగతా పళ్లేలను కూడా ఆ కంటితో ఒకసారి చూడక తప్పదు.

1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం గురించి ఇక్కడ పెద్దగా చెప్పుకోవలసింది లేదు. నిషేధం ఎత్తేశాక వచ్చిన నిబంధనలే ముఖ్యం. పాత సెలూన్ మళ్లీ లేవకూడదని చాలా రాష్ట్రాలు ఆ పేరునే బోర్డుమీద రాయనివ్వలేదు, వంటగది ఉండాలన్నాయి. 1935 నాటి సమాఖ్య చట్టం తయారీదారులు బార్లకు తాయిలాలివ్వడాన్ని కట్టడి చేసింది. ఉచిత భోజనానికి డబ్బు పెట్టే చెయ్యి అలా వెనక్కి పోయింది. తిండి ధర వేసుకుని మెనూలోకి ఎక్కింది.

బాటసారి సాకు మాత్రం ఎక్కడికక్కడ చెల్లకుండా పోతూ వచ్చింది. గ్లాసు లెక్కన మద్యం అమ్మడాన్ని నిషేధించిన కాన్సాస్‌లో అటార్నీ జనరల్ వెర్న్ మిల్లర్ 1972లో తన రాష్ట్రం మీదుగా పోతున్న ఆమ్‌ట్రాక్ రైల్లోని బార్ మీద దాడి చేయించాడు. విమానాలు కూడా కాన్సాస్ గగనతలంలో ఉన్నంతసేపూ మందు పోయకూడదన్నాడు. పల్లీల మీద ఆయనకు అభ్యంతరం ఉన్నట్టు లేదు.

టెక్సాస్ దీనికి ఎదురుదారి పట్టింది. అక్కడ 1971లో గ్లాసు లెక్కన మద్యం అమ్మకానికి అనుమతి రాగానే, అదే ఏడాది డాలస్‌లో మరియానో మార్టినెజ్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి గడ్డకట్టిన మార్గరీటాను తిప్పడం మొదలుపెట్టాడు. ఆ యంత్రం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. నాచోలు అప్పటికే సరిహద్దు అవతల పియెద్రాస్ నెగ్రాస్‌లో 1940ల నుంచీ ఉన్నాయి. ఇవాళ ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోని మన తెలుగువాళ్లు శుక్రవారం సాయంత్రం మార్గరీటా పక్కన చిప్స్, సల్సా ముందేసుకుంటున్నారంటే, ఆ జంటను కలిపిన పెద్దమనుషుల్లో టెక్సాస్ శాసనసభ కూడా ఉంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. 1964లో బఫెలోలోని యాంకర్ బార్‌లో తెరెసా బెల్లిసిమో కోడి రెక్కలు వేయించి కారం సాస్‌లో దొర్లించినప్పుడు ఏ చట్టం ఆమెను వండమంది? ఏదీ అనలేదు. ఆ ఘనతలో అదే ఊళ్లోని జాన్ యంగ్‌కూ వాటా ఉందనేవాళ్లున్నారు. ఎవరిదైనా అది చేతి నేర్పే, చట్టం కాదు. ఏ వంటకం బతకాలో తేల్చేది నాలుకే, ఒప్పుకోవాలి. కానీ బార్‌లో పొయ్యి ఎందుకుంది, తాగడానికి వచ్చినవాడి ముందుకు పళ్లెం ఎందుకొచ్చింది అంటే నాలుక ఒక్కటే జవాబు చెప్పలేదు. 1984లో మసాచుసెట్స్ హ్యాపీ అవర్ తగ్గింపులను నిషేధించింది. మందు ధర తగ్గించి పిలవడానికి వీల్లేని చోట బార్ చేతిలో మిగిలేది పళ్లెమే.

ఇదంతా గతించిన కథ అనుకుంటే 2020 జూలై చూడాలి. కోవిడ్ మధ్యలో న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ కువోమో, తిండి ఆర్డర్ చేసినవాళ్లకే మందు పోయాలని ఆదేశించాడు. సారటోగా స్ప్రింగ్స్‌లోని హార్వీస్ అనే బార్ వెంటనే ఒక డాలరుకు ‘కువోమో చిప్స్’ మెనూలో పెట్టింది. రాష్ట్ర లిక్కర్ అథారిటీకి నవ్వు రాలేదు. చిప్స్ ప్యాకెట్టు, గిన్నెడు పల్లీలు, మిఠాయి ఇవి మాత్రమే ఇస్తే తిండి కిందికి రావని తేల్చింది. ఏవి వస్తాయో చెప్పే వరసలో మొదటి పేరు శాండ్‌విచ్.