వెబ్‌సైటు వేగము: పుట్టుపూర్వోత్తరములు

మనుష్యుడు యంత్రమునకు ఒక ప్రశ్న వేసి దాని ప్రత్యుత్తరమునకై ఎంతసేపు ఓపిక పట్టగలడను విచారణ, వెబ్‌సైటులు పుట్టుటకు ఇరువదియేండ్లు ముందే ఆరంభమైనది. 1968వ సంవత్సరమున ఐబీఎం సంస్థయందలి మనస్తత్వ శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ మిల్లర్ ఈ విషయమున ఒక వ్యాసము ప్రకటించి, కంప్యూటరుతో జరుగునది కూడ ఒక సంభాషణయే యనియు, అందు రెండు సెకన్లకు మించిన మౌనము అడుగువాని ఆలోచనాధారను విచ్ఛిన్నము చేయుననియు ప్రతిపాదించెను. 1993లో పరిశోధకుడైన జేకబ్ నీల్సన్ ఈ విషయమునే మూడు మెట్లుగా విడదీసి, సెకనులో పదియవ వంతు లోపల వచ్చిన ఫలితము తత్‌క్షణమే కలిగినట్లు తోచుననియు, ఒక సెకను వరకు ఆలోచన తెగదనియు, పది సెకన్లు దాటినచో మనస్సు మఱియొక పనికి మరలిపోవుననియు చెప్పెను. ఆనాటినుండి యంత్రములు ఎన్నో రెట్లు వేగవంతములైనను ఈ మూడు మేరలు మాత్రము కదలలేదు. ఏలయన వాటిని నిర్ణయించినది మానవ స్వభావము. వెబ్‌సైటుల వేగమును గూర్చిన చరిత్రయంతయు ఆ మేరలకు లోబడుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే. ఆ ప్రయత్నములను వరుసగా పరిశీలించువారికి గోచరించు విశేషమొకటి కలదు: పెద్ద విజయములలో అధికభాగము మితమును పాటించినవారికే దక్కినది.

అట్టి విజయములలో మొదటిది వెబ్‌సైటుల పుట్టుకకు కొంచెము ముందే జరిగినది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలకును, బర్క్లీయందలి విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము నాలుగువందల గజములు. సెకనుకు 32,000 బిట్ల సమాచారము ప్రసరింపవలసిన ఆ మార్గమున, 1986 అక్టోబరునందు, 40 బిట్లు మాత్రమే ప్రసరించుచుండుట గమనించి ఆ ప్రయోగశాలకు చెందిన వాన్ జేకబ్‌సన్ ఆశ్చర్యపడి కారణాన్వేషణమునకు పూనుకొనెను. దారి ఇరుకైనప్పుడు ప్రతి కంప్యూటరును తాను పంపినది చేరలేదని తలచి దానినే మరల మరల పంపుచుండుటచేత, మార్గమంతయు పునరుక్తులతో నిండిపోయి, కొత్త మాట ఒక్కటియైన ముందుకు సాగలేని దుస్థితి ఏర్పడినది. జేకబ్‌సన్, మైఖేల్ కరెల్స్ తోడ్పాటుతో, 1988లో ప్రకటించిన నివారణోపాయము వినుటకు అతిసులభముగా నుండును: మొదట కొలదిగా పంపవలెను, చేరినదని కబురు వచ్చినకొలది పరిమాణమును పెంచవలెను, నష్టము కన్పడినంతనే వెనుకకు తగ్గవలెను. స్లో స్టార్ట్ అని ప్రసిద్ధికెక్కిన ఈ నియమము, ఎవరికి వారు తొందరపడుట మానినప్పుడే అందరికిని వేగము సమకూరునని ఋజువు చేసినది. నేడును కొత్తగా తెరచిన మార్గమున సర్వరు తొలివిడతగా పంపునది పది సమాచారపు పొట్లములే (ప్యాకెట్లే), అనగా సుమారు 14 కిలోబైట్లే. ఒక పుటలోని ముఖ్యభాగము ఆ తొలివిడతలో ఇమిడినచో పాఠకునికి అది వెంటనే కన్పట్టును. ఇమడనిచో మఱియొకసారి రాకపోకలు తప్పవు.

1989 మార్చినందు స్విట్జర్లాండు దేశపు జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్-లీ తన ప్రతిపాదనను పైయధికారులకు సమర్పించెను. పరిశోధకుల పత్రములను ఒకదానితో నొకటి ముడివేయుటయే ఆయన సంకల్పము. ఆయన రూపొందించిన తొలి హెచ్‌టీటీపీ అను నియమావళిలో కోరిక ఒక్క పంక్తిలో ముగిసెడిది: బ్రౌజరు కావలసిన పత్రము పేరు అడుగును, సర్వరు దానిని పంపి సంబంధమును త్రెంచివేయును. పుటలన్నియు వట్టి అక్షరములే యగుటచే, కొలది కిలోబైట్లకు మించని ఆ కాలపు పత్రములకు ఇంతకంటె అవసరము లేకపోయెను.

పుటలోనికి చిత్రము ప్రవేశించుటతో ఈ నిర్మలావస్థ ముగిసినది. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్‌సీఎస్ఏ కేంద్రమున మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అను ఇరువురు నిర్మించిన మొజాయిక్ బ్రౌజరు, అక్షరముల నడుమనే బొమ్మలను చూపి, సామాన్యజనమును ఈ కొత్త లోకమునకు ఆకర్షించినది. కాని ఒక పుటలో ఇరువది బొమ్మలున్నచో ఇరువది సంబంధములు వేరువేరుగా తెరచి మూయవలసివచ్చెను. ప్రతిదానికిని పరిచయవాక్యములు మొదటినుండి, స్లో స్టార్ట్ మొదటినుండి. విస్తరి ముందు కూర్చున్న అతిథికి ఒక్కొక్క పదార్థము వడ్డించినపిదప వంటయింటి తలుపు మూసి, తాళము వేసి, తరువాతి పదార్థమునకై మరల తాళము తీయించుకొను వడ్డన వంటిదది. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోనికి తెచ్చినప్పుడు, డయలప్ మార్గమున సెకనుకు 9,600 బిట్లు, అనగా 1,200 బైట్లు, వచ్చినచో అదియే పదివేలు. లక్ష బైట్ల ఛాయాచిత్రమొకటి దిగుటకు, ఏ అవాంతరము లేకున్నను, ఎనుబది సెకన్లు దాటెడిది. నీల్సన్ చెప్పిన పది సెకన్ల మేరకు ఇది ఎనిమిది రెట్లు.

ఆ ఛాయాచిత్రమైనను లక్ష బైట్లలో ఇముడుటకు కారణము మన దేశీయుల ప్రతిభయని తెలిసికొనుట సంతోషదాయకము. బెంగళూరున జన్మించి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన నాసిర్ అహ్మద్, చిత్రములను సంక్షేపించుటకు ఒక గణితమార్గమును ఊహించి, పరిశోధనకై ధనసహాయము కోరగా అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించినది. ఆయన నిరుత్సాహపడక, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కూడి, 1974 జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అను పద్ధతిని ప్రకటించెను. ఈ రావుగారు చెన్నపట్టణమున గిండీ ఇంజనీరింగు కళాశాలయందు విద్యనభ్యసించిన కామిశెట్టి రామమోహనరావుగారు. 1992లో ప్రమాణముగా స్థిరపడిన జేపెగ్ విధానమునకు ఇదియే ప్రాణము. చిత్రమును అడ్డముగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చొప్పున అరువదినాలుగు చుక్కల గడులుగా విభజించి, ఒక్కొక్క గడిని అరువదినాలుగు అంకెలుగా మార్తురు. మొదటి అంకె ఆ గడియొక్క సగటు కాంతిని తెలుపును. తక్కినవి క్రమక్రమముగా సూక్ష్మతరమగు హెచ్చుతగ్గులను తెలుపును. అతిసూక్ష్మములైన హెచ్చుతగ్గులను మానవనేత్రము గుర్తింపజాలదు గనుక, వాటిని తెలుపు అంకెలలో పెక్కింటిని సున్నలుగా సవరించి, ఆ సున్నల వరుసలను క్లుప్తముగా వ్రాయుదురు. కన్ను ఎట్లును చూడనిదానిని పంపకుండుటయే ఇందలి రహస్యము.

సమాచారమెంత తగ్గించినను దూరము మిగిలియే యుండును. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పయనించును. అమెరికా తూర్పుతీరము హైదరాబాదుకు సుమారు 13,000 కిలోమీటర్ల దూరమున నున్నది. కావున తీగ తిన్నగా పరచియున్నను ఒక ప్రశ్న పోయి జవాబు తిరిగివచ్చుటకు 130 మిల్లీసెకన్లు పట్టును. సముద్రగర్భమున వంపులు తిరిగిపోవు వాస్తవమార్గమున ఇంకను ఎక్కువ. ఎంత ధనము వెచ్చించినను కాంతివేగమును పెంచుట అసాధ్యము. దూరమును తగ్గించుట యొక్కటే గతి. 1995లో, అప్పటికి ఎమ్ఐటీకి చేరియున్న బర్నర్స్-లీ, రానున్న రద్దీకి మార్గాంతరము వెదకుడని అచ్చటి సహోద్యోగులను కోరగా, గణితాచార్యుడు టామ్ లైటన్ ఆ సమస్యను స్వీకరించెను. ఆయన శిష్యుడైన డేనియల్ లెవిన్ మొదలగువారు కలిసి 1997లో ప్రకటించిన కన్సిస్టెంట్ హాషింగ్ అను యుక్తి, ఏ ప్రతి ఏ సర్వరులో నుండవలెనో నిర్ణయించునది. సర్వరులను, పత్రములను ఒకే ఊహావలయముపై నిలిపి, ప్రతి పత్రమును వలయములో తన తరువాత వచ్చు సర్వరునకు అప్పగింతురు. ఒక సర్వరు చెడినచో దాని పత్రములు మాత్రమే పొరుగుసర్వరునకు చేరును, మిగిలిన వ్యవస్థయంతయు చెక్కుచెదరక నిలుచును. 1998లో ఈ గురుశిష్యులు స్థాపించిన అకమాయి సంస్థ, ప్రతులను పాఠకుని చేరువలోనే నిలువయుంచు సీడీఎన్ పద్ధతిని లోకవ్యాప్తము చేసినది. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాదులు వశపరచుకొన్న విమానములో లెవిన్ ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున మరణించెను. ఆనాడే వార్తలకై కోట్లాది జనులు ఎగబడగా పెక్కు వార్తాసైట్లు స్తంభించినవి. సీఎన్ఎన్ సంస్థ తన మొదటిపుటనుండి అలంకారములను చాలవరకు తొలగించి, సాదా అక్షరములతో ప్రజలకు సమాధానమీయగలిగినది. లెవిన్ సంస్థ నెలకొల్పిన సర్వరులు ఆ భారమును మోయుటలో తోడ్పడినవి.

ఈలోపల మూలసూత్రములును సంస్కరింపబడినవి. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 వలన ఒకసారి తెరచిన సంబంధమును మూయకయే పలు కోరికలకు వినియోగించుట నియమమైనది; బ్రౌజరు తన కాష్‌లో దాచుకొన్న ప్రతి ఎంతకాలము చెల్లుబాటగునో తెలుపు కట్టుబాట్లు బలపడినవి. పాఠమును కుదించి పంపు జిజిప్ పద్ధతి వాడుకకు వచ్చినది. దీనివలన తెలుగువారికి కలిగిన మేలు ప్రత్యేకముగా చెప్పదగినది. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాసినప్పుడు ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగున ప్రతి సంకేతమునకును మూడు బైట్లు కావలెను. “స్త్రీ” యను ఒక్క అక్షరములో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, ఈకారపు గుడి అను ఆరు సంకేతములు కలవు గనుక దానికి పదునెనిమిది బైట్లు వ్యయమగును. అయినను ప్రతి సంకేతములోని మూడు బైట్లలో మొదటిది ఎల్లప్పుడు ఒకటే, రెండవది రెండింటిలో నొకటి. ఇట్టి పునరుక్తిని జిజిప్ సులువుగా కుదించివేయును. తెలుగు వెబ్‌సైటు నడుపువారు సర్వరులో ఈ అమరికను మఱచుట తమ పాఠకులకు చేసిన అపచారమే యగును.

ఇంత జరిగినను, 2000 తరువాత చాలకాలము, వేగమనగా సర్వరుల బలమేయని ఇంజనీర్లు విశ్వసించిరి. యాహూలో పనిచేయుచుండిన స్టీవ్ సౌడర్స్ ఆ విశ్వాసమును పరీక్షకు పెట్టెను. పుట తెరచుటకు పట్టుకాలమును ముక్కలుముక్కలుగా కొలిచి చూడగా, మూలపత్రము చేరుటకు పట్టునది అందులో నూటికి పదియో ఇరువదియో వంతులనియు, తక్కిన ఎనుబది తొంబది వంతులు అది చేరినపిదప బొమ్మలు, స్క్రిప్టులు, శైలిపత్రములు దించుకొనుటయందే గడచుచున్నవనియు తేలినది. 2007లో ఆయన ప్రకటించిన గ్రంథమునందు పదునాలుగు నియమములు కలవు: కోరికల సంఖ్యను తగ్గింపుము, కుదించి పంపుము, శైలిపత్రమును పైన నుంచుము, స్క్రిప్టును అడుగున నుంచుము. కడపట చెప్పిన నియమమునకు హేతువు గమనింపదగినది. బ్రౌజరు పుటను పైనుండి చదువుచు నిర్మించుకొనిపోవును. నడుమ స్క్రిప్టు ఎదురైనచో, అది పుటయొక్క స్వరూపమునే మార్చునేమో యను శంకతో, దానిని తెప్పించి నడపువరకు తన నిర్మాణమును ఆపివేయును. అందుచే శిరోభాగమున పెట్టిన ఒక్క స్క్రిప్టు పాఠకుని ఎదుట తెల్లని శూన్యమును నిలుపగలదు. దానినే అడుగునకు జరపిన మాత్రమున, ఖర్చేమియు లేకుండ, అక్షరములు ముందుగా ప్రత్యక్షమగును.

దాదాపు ఆ కాలముననే ఆలస్యమువలన కలుగు నష్టమును వ్యాపారసంస్థలును గుర్తించినవి. గూగుల్ సంస్థ పుటకు పది ఫలితములకు బదులు ముప్పది చూపి పరీక్షింపగా, పుట వచ్చు కాలము 0.4 సెకన్లనుండి 0.9కి పెరిగిన మాత్రమున వాడుక నూటికి ఇరువది వంతులు తగ్గినదని 2006లో ఆ సంస్థ అధికారిణి మరిస్సా మేయర్ ఒక సభలో వెల్లడించెను. ఎక్కువ ఇచ్చినను పాఠకుడు ఆలస్యమును సహింపలేదు. 2009లో ఆ సంస్థయే స్పీడీ అను ప్రయోగమును ప్రకటించినది. ఒకే సంబంధముపై పలు కోరికలు కలగలిసి పయనించు ఆ పద్ధతి 2015లో హెచ్‌టీటీపీ 2కు ఆధారమైనది. ఒక పొట్లము తప్పిపోయినచో తక్కినవన్నియు దానికై వేచియుండు లోపమును తొలగించుటకు క్విక్ అను కొత్త ప్రయాణమార్గము నిర్మితమై, 2022 జూన్‌లో దానిపై హెచ్‌టీటీపీ 3 స్థిరపడినది. సిగ్నలు తఱచు తడబడు ఫోనులలో దీని ప్రయోజనము స్పష్టముగా కన్పట్టును.

ఇన్ని యుపాయములు ఫలించిన పిదప పుటలు రెప్పపాటున తెరచుకొనవలసినది. అట్లు జరుగకపోవుటకు హేతువు మనము సంపాదించిన వేగమును వెంటవెంటనే వ్యయపరచుటయే. 2010లో అర మెగాబైటుకు అటునిటుగా నుండిన సామాన్యపుట బరువు నేడు రెండు మెగాబైట్లు దాటినది. అందు పాఠకుడు కోరివచ్చిన అక్షరములు అత్యల్పము, బొమ్మలును, స్క్రిప్టులును అత్యధికము. 2020లో గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ అను కొలమానములను ప్రకటించి, పుటలోని ప్రధానభాగము రెండున్నర సెకన్లలో కన్పడవలెననియు, చదువుచుండగా పంక్తులు స్థానము తప్పి జరుగరాదనియు నిర్దేశించుట, మిల్లర్ వేసిన పాతప్రశ్ననే మరల అడుగుటయగును. తెలుగు పుటలకు మఱియొక జాగ్రత్త అవసరము. గుణింతములు, ఒత్తులు, వాటి కూర్పులు పెక్కుండుటచే తెలుగు ఫాంటు ఆంగ్లపు ఫాంటుకంటె చాల బరువైనది. ఫోనులో నున్న ఫాంటుతో పాఠమును ముందు చూపి, అందమైన ఫాంటు దిగినపిదప దానిని మార్చుట ఉత్తమము. ఫాంటునకై పాఠమును మరుగుపరచుట ఎంతమాత్రమును తగదు.

వేగమును కోరువారు మొట్టమొదట చేయవలసినది తమ కార్యాలయపు ఖరీదైన కంప్యూటరును విడిచి, చౌకఫోనును చేతబట్టి, సిగ్నలు పలుచగా నున్నచోట తమ పుటను తామే తెరచి చూచుట. ఆ పిదప ప్రతి బొమ్మను, ప్రతి స్క్రిప్టును, ఇది పాఠకుని కొఱకా, మన కొఱకా యని ప్రశ్నింపవలెను. జేకబ్‌సన్ తొందరను, అహ్మద్ కంటికానని వివరమును, లెవిన్ దూరమును, సౌడర్స్ అనవసరమైన కోరికను తగ్గించి మనకు వేగమును ప్రసాదించిరి. పరీక్షాఫలితమునకై చూచు విద్యార్థికిని, పంటధర తెలిసికొనగోరు రైతునకును, ఆస్పత్రి చిరునామా వెదకు తల్లికిని ఆ వేగము చేరుటయో మానుటయో ఇకమీద పుటను రచించువాని సంయమనముపై ఆధారపడియున్నది. వారి కాలమును తన కాలముతో సమానముగా గౌరవించువాడే ఈ విద్యలో నేర్పరి.